బోరు స్టార్టరు డబ్బా: ఎనిమిది విభాగాలు, ఒకే పట్టిక – ప్రాజెక్టు డైరీ

చేస్తున్న వస్తువు: 5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారుకు సెల్‌ఫోనుతో నడిచే స్టార్టరు. లోపల కాంటాక్టరు (కాయిల్‌కు కరెంటు అందితే మోటారు లైను కలిపే అయస్కాంతపు స్విచ్), ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే ఆపేది), కంట్రోల్ బోర్డు, సిమ్ మాడ్యూలు. బయట స్తంభానికో షెడ్డు గోడకో బిగించే డబ్బా. ఇలాంటివి మార్కెట్లో బోలెడున్నాయి. వాటిలో చాలావాటి కథ ఒకటే: ముందు సర్క్యూట్ గీస్తారు, బోర్డు చేస్తారు, డబ్బా కొంటారు, ఆ తర్వాత ‘కొంచెం సేఫ్టీ చూడండి, ఈఎంసీ చూడండి’ అంటూ ఒక్కో నిపుణుడి దగ్గరికి ఫైలు తీసుకెళ్తారు. అప్పటికి మార్చగలిగేది స్టిక్కరు రంగొక్కటే. ఈసారి వరస తిరగేశాం. విద్యుత్తు, ఈఎంసీ (విద్యుత్ రొదకు బోర్డు చెదరకుండా చూసేది), థర్మల్ (వేడి), సేఫ్టీ, రిలయబిలిటీ (మన్నిక), వాడకం, మరమ్మతు, తయారీ-ఖర్చు అనే ఎనిమిది విభాగాలూ సర్క్యూట్ గీయకముందే ఒకే పట్టిక ముందు కూర్చోవాలి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెరికా వైమానిక దళం 1974లో తెచ్చిన ఎంఐఎల్-ఎస్‌టీడీ-499ఏ ప్రమాణంలోనే ప్రత్యేక విభాగాలను డిజైనులో కలపాలన్న మాట ఉంది. రాకెట్లకు రాసుకున్న పద్ధతి బోరు డబ్బాకు ఎందుకు అనిపించవచ్చు. ఎందుకో 6వ వారంలో తేలింది.

1వ వారం – కోరికలకు అంకెలు

ప్రతి విభాగమూ తన కోరికల జాబితా తెచ్చింది. మొదటి వడపోతలో సగం వెనక్కి వెళ్లాయి. ‘నమ్మకంగా పనిచేయాలి’, ‘రైతుకు సులువుగా ఉండాలి’, ‘ఎండకు తట్టుకోవాలి’ లాంటివి పట్టికలోకి రావు. అంకె ఉండాలి, పరీక్షించే పద్ధతి ఉండాలి.

పట్టికకు ఐదు గడులు: కోరిక, అంకె, యజమాని, పరీక్ష, ‘ఎవరిని తాకుతుంది’. మొదటి నాలుగూ ఎవరైనా పెడతారు. పనిచేసేది ఐదోది. ఆ గడి ఖాళీగా ఉన్న వరసను ఒప్పుకోలేదు. నిజంగా ఎవరినీ తాకని కోరిక అయితే ‘ఎవరినీ కాదు’ అని రాసి, దాని కింద మిగతా ఏడుగురూ సంతకం పెట్టాలి. సంతకం అనేసరికి అందరూ రెండోసారి చదివారు.

తిరగరాశాక కొన్ని వరసలు ఇలా మారాయి:

‘ఎండకు తట్టుకోవాలి’ – బయట 45 డిగ్రీలు, పడమటి ఎండ నేరుగా పడుతున్నప్పుడు బోర్డు దగ్గర గాలి 60 డిగ్రీలు దాటకూడదు. యజమాని థర్మల్. తాకేది: రిలయబిలిటీ, తయారీ-ఖర్చు.

‘వోల్టేజీ హెచ్చుతగ్గులకు ఆగాలి’ – రెండు ఫేజుల మధ్య 280 నుంచి 480 వోల్టుల వరకు బోర్డు బతికి ఉండాలి. మోటారు నడవాలని కాదు, బోర్డు బతికుండి సంగతి చెప్పాలని. ఈ తేడా రాయకపోతే విద్యుత్తు వాళ్లకూ వాడకం వాళ్లకూ నెలల తరబడి పేచీ తెగదు.

‘బాగుచేయడం తేలిక’ – మండల కేంద్రంలో మోటారు మెకానిక్ ఒక టెస్టర్, ఒక మల్టీమీటర్, రెండు స్క్రూడ్రైవర్లతో అరగంటలో కాంటాక్టరు మార్చగలగాలి. ఆ కాంటాక్టరు అదే ఊరి ఎలక్ట్రికల్ షాపులో దొరకాలి. తాకేది: ఈఎంసీ, సేఫ్టీ, విద్యుత్తు. ఈ చిన్న వరస తర్వాత ఎంత పేచీ తెస్తుందో ఆ రోజు ఎవరికీ తోచలేదు.

2వ వారం – కరెంటు వచ్చిన మొదటి నిమిషం

రైతు తరఫున వాడకం విభాగం గట్టిగా అడిగింది: కరెంటు రాగానే మోటారు దానంతటదే స్టార్టవ్వాలి. రాత్రి పూట పొలానికి వెళ్లే పని తప్పాలి. న్యాయమైన కోరికే. విద్యుత్తు విభాగం కాగితం మీద లెక్క వేసి చూపింది.

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, సెకండరీ 433 వోల్టులు, ఫుల్‌లోడ్ కరెంటు 33.3 ఆంపియర్లు, ఇంపీడెన్స్ (లోపలి అడ్డు) 4.5 శాతం. దాని మీద నాలుగు 5 హెచ్‌పీ మోటార్లు. ఒక్కోటి నడుస్తున్నప్పుడు తీసుకునేది 9 ఆంపియర్లు, నేరుగా స్టార్టయ్యేటప్పుడు దానికి ఆరు రెట్లు, అంటే 54. నాలుగూ ఒకేసారి లేస్తే 216 ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యానికి ఆరున్నర రెట్లు. వోల్టేజీ పడిపోతే కరెంటు కూడా కొంత తగ్గుతుందన్నదీ కలుపుకొని చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే 433 కాస్తా సుమారు 335కి దిగుతుంది. అక్కడి నుంచి బోరు దాకా లైను డ్రాపు అదనం.

కాంటాక్టర్ల ప్రమాణం ఐఎస్/ఐఈసీ 60947-4-1 ప్రకారం కాయిల్ తప్పకుండా పట్టుకోవాల్సింది తన వోల్టేజీలో 85 శాతం నుంచే. 415లో 85 శాతం 353. వదిలేయడం 75 నుంచి 20 శాతం మధ్య ఎక్కడైనా కావచ్చు. కాబట్టి 335 దగ్గర కాయిల్ పట్టీ పట్టనట్టు ఉంటుంది. పట్టుకోగానే మోటారు కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడుతుంది, కాయిల్ వదులుతుంది, వోల్టేజీ లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ టకటక చప్పుడు బోర్ల దగ్గర తిరిగిన వాళ్లందరికీ తెలుసు. పది సెకన్లు అలా కొట్టుకుంటే కాంటాక్టులు అతుక్కుపోవడానికి చాలు.

పరిష్కారం: కరెంటు వచ్చాక ప్రతి స్టార్టరు 30 నుంచి 300 సెకన్ల మధ్య తనకు తోచిన ఆలస్యం తీసుకుంటుంది. నాలుగింటిలో ఏ రెండైనా ఒక సెకను తేడాలో కలిసే అవకాశం సుమారు 4.5 శాతం. కలిసినా రెండే కనుక వోల్టేజీ 378 దగ్గర ఆగుతుంది, కాయిల్ పట్టుకుంటుంది. కనీసం 30 సెకన్లు ఎందుకంటే, నాన్‌రిటర్న్ వాల్వు కారుతున్న బోరులో నీళ్లు వెనక్కి దిగేటప్పుడు పంపు తిరగబడి తిరుగుతుంది. ఆ సమయంలో స్టార్టు చేస్తే షాఫ్టుకో కప్లింగుకో ముప్పు.

దీనికి ఇంకో కోణం ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని విద్యుత్ సంస్థలు ఊరూరా చెప్పాయి. రోజంతా మోటారు తిరిగితే భూగర్భ జలం అడుగంటుతుందన్నది ప్రధాన కారణం. ఆంధ్రప్రదేశ్‌లో పగటి 9 గంటల సరఫరాలో ఈ బాధ కొంత తక్కువ. అందుకని ఆటో మోడుకు గడువు తప్పనిసరి చేశాం: రైతు గంటలు చెప్పకుండా ఆటో ఆన్ కాదు, చెప్పిన గంటలు అయ్యాక అదే ఆగుతుంది. ‘ఎప్పటికీ ఆటో’ అన్న వరస పట్టికలోంచి కొట్టేశాం. వాడకం విభాగం దీన్ని ఇష్టంగా ఒప్పుకోలేదు.

3వ వారం – డబ్బా

ఎనిమిది విభాగాలనూ ఎన్-స్క్వేర్డ్ పట్టికలో పెట్టాం. ఐమూలగా ఎనిమిది పేర్లు, మిగిలిన 56 గళ్లలో ఎవరు ఎవరికి ఏమి ఇస్తున్నారు, ఎవరిని ఏమి ఇబ్బంది పెడుతున్నారు. దీన్ని 1970ల్లో ప్రచారంలోకి తెచ్చింది టీఆర్‌డబ్ల్యూ సంస్థ ఇంజినీరు రాబర్ట్ లానో. సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, గోడకు అంటించిన చార్టు, పెన్సిలు చాలు. చెరిపేయాల్సి వస్తుంది కాబట్టి పెన్సిలే.

గళ్లు నింపుతుంటే మొదట బయటపడింది డబ్బా గొడవ. ఎవరి పాట వాళ్లదే:

ఈఎంసీకి ఇనుప డబ్బా కావాలి, కవచంలా ఉంటుందని. సేఫ్టీకి ఇనుము వద్దు; ఎర్తు సరిగా లేని ఇనుప డబ్బాను వానాకాలం తడి చేత్తో ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సిమ్ మాడ్యూలు చూసేవాళ్లకూ ఇనుము వద్దు, యాంటెన్నా లోపల పనిచేయదు. బయట పెడితే పశువులు విరిచేస్తాయి. థర్మల్ వాళ్లకు ఇనుమైనా ప్లాస్టిక్కైనా ఒకటే, రంగు తెల్లగా ఉంటే చాలు. తయారీకి బజారులో దొరికే ముదురు బూడిద రంగు డబ్బా చవక.

థర్మల్ మోటు లెక్క: 400 × 300 × 200 మి.మీ. డబ్బా. సాయంత్రం నాలుగింటికి ముందు మూత మీద చదరపు మీటరుకు 700 వాట్ల ఎండ అనుకుంటే 84 వాట్లు. ముదురు బూడిద రంగు అందులో 76 వాట్లు మింగుతుంది, తెలుపు 25. లోపల కాంటాక్టరు కాయిల్, ఓవర్‌లోడ్ రిలే, సప్లై కలిపి పుట్టించే వేడి 15 వాట్లే. గోడకు ఆనిన వెనక వైపు వదిలేస్తే వేడి పోయే ఉపరితలం 0.4 చదరపు మీటరు. డిగ్రీకి సుమారు 3.2 వాట్లు పోతాయి. బూడిద రంగైతే లోపల బయటకన్నా 28 డిగ్రీలు ఎక్కువ, అంటే 73. తెలుపైతే 58. పైగా రెండు వేసవులు గడిచి దుమ్ము పట్టాక తెలుపు తెలుపుగా ఉండదు. దాంతో డబ్బా ముందూ పైనా 25 మి.మీ. సందు వదిలి ఒక రేకు ఎండగొడుగు పెట్టాం. ఎండ రేకు మీద పడుతుంది, సందులో గాలి ఆడుతుంది, లోపల 50-52 దగ్గర నిలుస్తుంది.

ఈ ఇరవై డిగ్రీల తేడా రిలయబిలిటీకి ఎంత విలువంటే, 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు అని రాసి ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ 75 డిగ్రీల్లో 16,000 గంటలు, 55లో 64,000 గంటలు బతుకుతుంది. పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపు. ఖరీదైన కెపాసిటర్లు కొనేబదులు రేకు ముక్క చవక. తయారీ విభాగం తనంతట తానే ఒప్పుకున్న ఒకే ఒక్క మార్పు ఇది.

తీర్పు: డబ్బా గాజునార కలిపిన ప్లాస్టిక్‌ది, ఇన్సులేటెడ్. ఈఎంసీకి నష్టపరిహారంగా లోపల బోర్డు వెనక ఒక అల్యూమినియం పలక, బోర్డు గ్రౌండు దానికే కలిపి ఉంటుంది. అదనంగా కాంటాక్టరు వైర్లకూ బోర్డు వైర్లకూ మధ్య కనీసం 100 మి.మీ. దూరం. డబ్బా లోపలి అమరిక ఆ దూరం చుట్టూ గీశాం. ముందే అడిగారు కాబట్టి 100 మి.మీ. దొరికింది. డబ్బా కొన్నాక అడిగి ఉంటే 10 కూడా దొరకదు.

4వ వారం – మూడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు

బోర్డుకు కరెంటు ఎక్కడి నుంచి తీయాలి? పొలాల్లో చాలాచోట్ల వచ్చేవి మూడు ఫేజులే, నమ్మదగిన న్యూట్రల్ ఉండదు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు అని డిజైను చేస్తే న్యూట్రల్ తెగిన రోజున బోర్డు మీద 400 పడుతుంది. కాబట్టి రెండు ఫేజుల మధ్యే తీయాలి.

మూడు ఫేజులను ఆర్, వై, బి అంటారు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ ఆర్-వై మధ్య పెడితే ఆర్ పోయినప్పుడు బోర్డే చచ్చిపోతుంది, ‘ఆర్ ఫేజు పోయింది’ అని చెప్పే దిక్కుండదు. రెండు పెడితే? ఆర్-వై ఒకటి, వై-బి ఒకటి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. వై పోతే ఆ రెండు ప్రైమరీలూ ఆర్-బి మధ్య సిరీస్‌లో పడి, ఒక్కోదానికి సగం వోల్టేజీయే అందుతుంది. బోర్డు అటూ ఇటూ కాకుండా కొట్టుమిట్టాడుతుంది. మూడూ పెడితే (ఆర్-వై, వై-బి, బి-ఆర్) ఏ ఫేజు పోయినా ఒకదానికి పూర్తి వోల్టేజీ ఉంటుంది.

విద్యుత్తు విభాగం మొదట కోరింది ఆరు డయోడ్ల రెక్టిఫయరు, దాని వెనక స్విచ్‌మోడ్ సప్లై. తేలిక, చిన్నది. కానీ 480 వోల్టుల ఏసీకి డీసీ శిఖరం 679. సర్జు వస్తే ఇంకా పైకి. 450 వోల్టుల కెపాసిటర్లు రెండు సిరీస్‌లో, వాటిని సమంగా ఉంచే రెసిస్టర్లు, ఎక్కువ వోల్టేజీ మాస్‌ఫెట్ అన్నీ కావాలి. మెకానిక్ మల్టీమీటరుతో చూడలేడు, 679 వోల్టుల దగ్గర వేలు పెట్టనూ కూడదు. మరమ్మతు, ఈఎంసీ, సేఫ్టీ మూడూ ఒకవైపు నిలిచాయి. 50 హెర్ట్జ్ ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లే గెలిచాయి. మూడు, ఒక్కోటి 3 వీఏ, ప్రైమరీ 500 వోల్టులకు చుట్టినవి, 480 వచ్చినా ఇనుప కోరు సాచురేట్ కాకుండా (అయస్కాంత హద్దు దాటకుండా).

లాభం ఊహించనిది. ఆ మూడు సెకండరీలే మూడు లైన్ వోల్టేజీలనూ కొలుస్తాయి, అదీ ఐసొలేషనుతో. విడిగా పెట్టాలనుకున్న కొలత సర్క్యూటు మొత్తం ఎగిరిపోయింది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

కరెంటు పోయిందని కబురు పంపడానికి బ్యాటరీ కావాలన్నారు. లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటాక ఛార్జి చేయకూడదు; థర్మల్ చార్టు చూడగానే ఆ మాట అక్కడే ఆగింది. బదులుగా 10 ఫారడ్ల సూపర్ కెపాసిటర్లు రెండు సిరీస్‌లో, 5 వోల్టులకు ఛార్జి చేసి. 5 నుంచి 3.9 వోల్టులకు దిగేలోపు 5 ఫారడ్లు × 1.1 వోల్టు = 5.5 కూలుంబులు, సగటున 0.2 ఆంపియరుతో 27 సెకన్లు. ఒక ఎస్సెమ్మెస్‌కు చాలు. మాడ్యూలు 2జీలోకి మారినప్పుడు క్షణకాలం లాగే 2 ఆంపియర్లకు పక్కనే 2,200 మైక్రోఫారడ్ల లో-ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్న) కెపాసిటరు. అది లేకుండా పెట్టిన మొదటి బోర్డు, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ప్రతి కాల్‌కూ రీబూట్ అయింది. సిగ్నల్ మందగించిన కొద్దీ మాడ్యూలు ఎక్కువ పవరుతో అరుస్తుంది. బల్ల మీద టవరు దగ్గర కాబట్టి ఆ లోపం కనబడదు.

5వ వారం – ఫేజు పోవడం

నడుస్తున్న మోటారుకు ఒక ఫేజు పోతే, ఆ పోయిన కొసన మోటారే వోల్టేజీ పుట్టిస్తుంది. వోల్టేజీ చూసి పసిగట్టే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు మోసపోయేది ఇక్కడే. కరెంటు కూడా చూడాలి. సీటీలు (తీగలో కరెంటు కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు) రెండు చాలు కదా అని తయారీ అడిగింది. ఆర్‌ఎంఎస్ (కరెంటు పరిమాణం) మాత్రమే కొలిచే బోర్డులో సీటీ లేని మూడో ఫేజు పోతే మిగిలిన రెండింటిలో ఒకే కరెంటు పారుతుంది, అంతా సమంగా ఉన్నట్టే కనిపిస్తుంది. మూడు సీటీలు పెట్టాం.

ఇంకో సంగతి ఏ ప్రమాణంలోనూ ఉండదు. రెండు ఫేజులే ఉన్న వేళల్లో కండెన్సర్లు కట్టి మోటారు నడపడం చాలాచోట్ల అలవాటు. మన బోర్డు దాన్ని అసమతుల్యతగా చూసి ఆపేస్తుంది. అప్పుడు మెకానిక్ ఏం చేస్తాడు? బోర్డు మీద కాయిల్‌ను ఆన్-ఆఫ్ చేసే రిలే కొసలు రెండూ కలిపి డైరెక్ట్ చేస్తాడు. దాన్ని పూర్తిగా ఆపలేం. అందుకని రిలయబిలిటీ వాళ్ల వైఫల్యాల పట్టికలో ‘ప్రొటెక్షన్ డైరెక్ట్ చేశారు’ అన్నదాన్ని ఒక వైఫల్యంగానే రాశాం. దానికి తగ్గట్టు, బోర్డును డైరెక్ట్ చేసినా స్టాప్ బటనూ ఓవర్‌లోడ్ రిలే కొసా దాటిపోకుండా వైరింగు వరస మార్చాం.

6వ వారం – ఆర్‌సీ ఎక్కడ పెట్టాలి

ఈ వారం చార్టు ఖర్చంతా తిరిగి వచ్చింది.

సమస్య: స్టాప్ నొక్కినప్పుడు 415 వోల్టుల కాయిల్ తెగుతూ పెద్ద స్పార్కు కొడుతుంది, దాని దెబ్బకు బోర్డు రీసెట్. మరమ్మతు వరస వల్ల ఏ ఊళ్లోనైనా దొరికే 415 వోల్టుల కాయిలే వాడాలి, 24 వోల్టుల డీసీ కాయిలుకు మారే దారి లేదు. ఈఎంసీ విభాగం పుస్తకంలో ఉన్న మందే రాసింది: ఆర్‌సీ, అంటే 100 ఓంల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు సిరీస్‌లో, బోర్డు రిలే కొసల మీద. స్పార్కు పుట్టేది అక్కడే కాబట్టి అక్కడే ఆర్పాలని. బల్ల మీద పెట్టి చూస్తే రీసెట్లు పోయాయి. విడిగా పనిచేసే విభాగమైతే అక్కడితో సంతకం పెట్టి ఫైలు మూసేది.

పట్టికలో ఆ మార్పు వరస ఐదో గడిలో ‘సేఫ్టీ’ అని ఉంది. సేఫ్టీ లెక్క వేసింది. రిలే తెరుచుకున్నాక కూడా ఆ 0.1 మైక్రోఫారడ్ గుండా 50 హెర్ట్జ్ దగ్గర పారే కరెంటు: 415 × 314 × 0.0000001, అంటే 13 మిల్లీఆంపియర్లు. ఈ సైజు కాంటాక్టరు కాయిల్ పట్టి ఉంచడానికి తినేది 8 వీఏ, 415తో భాగిస్తే 19 మిల్లీఆంపియర్లు. పట్టుకోవడానికి ఎక్కువ కావాలి, పట్టుకున్నదాన్ని వదలకుండా ఉంచడానికి తక్కువ చాలు. వదిలే హద్దు 20 శాతం దాకా ఉండొచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. కాబట్టి స్టాప్ కొట్టినా కొన్ని కాంటాక్టర్లు వదలవు. ఫోనులో ‘మోటారు ఆగింది’, పొలంలో మోటారు నడుస్తూనే ఉంటుంది. మనిషి పైపు మీద చెయ్యి వేస్తాడు.

బల్ల మీద పెట్టిన కాంటాక్టరు వదిలింది. కొత్తది, స్ప్రింగు గట్టిది కాబట్టి వదిలింది. సప్లై 460కి పెంచి చూస్తే వదలకుండా గుయ్‌మని మూలిగింది.

దిద్దుబాటు: ఆర్‌సీని రిలే కొసల మీంచి తీసి కాయిల్ కొసలకు కట్టాం, కాంటాక్టరు పక్కనే, పొట్టి తీగలతో. అప్పుడు రిలే తెరిస్తే పారడానికి దారే ఉండదు. కెపాసిటరు 440 ఏసీ వోల్టుల ఎక్స్1 రకం. 275, 310 రాసి ఉన్న మామూలు ఎక్స్2 రకం ఇక్కడ పెడితే కొన్నాళ్లకు పగులుతుంది. బోర్డు మీది రిలేలకు 250 ఏసీ వోల్టుల హద్దు ఉంది కనుక రెండు రిలేలు సిరీస్‌లో, వేర్వేరు పిన్నులతో. ఒకటి అతుక్కుపోయినా రెండోది తెరుస్తుంది. ఏది అతుక్కుందో తెలియడానికి ప్రతి స్టాపులో రిలేలను వంతులవారీగా ముందు తెరిచి, కరెంటు తెగిందో లేదో సీటీలతో చూస్తుంది. రెండూ తెరిచినా సీటీలో కరెంటు ఉంటే కాంటాక్టరే అతుక్కుపోయినట్టు. అప్పుడు వెళ్లే కబురు ఒక్కటే: ‘మోటారు ఆగలేదు, మెయిన్ స్విచ్ తీయండి’.

రీసెట్లు తిరిగి వచ్చాయా? రెండు వచ్చాయి. కాయిల్ తీగలూ సీటీ తీగలూ ఒకే కట్టగా కట్టేశారు, 100 మి.మీ. నియమం డ్రాయింగులో ఉండి కట్టేవాళ్ల షీటులో లేదు. మెలితిప్పిన సీటీ తీగలు అవతలి అంచున పోనిచ్చాక ఐఈసీ 61000-4-4 బర్స్టు పరీక్షలో (తీగల్లోకి వరసగా చిన్న వోల్టేజీ దెబ్బలు కొట్టి చూసేది) 2 కిలోవోల్టులకు బోర్డు కదల్లేదు. షీటులో ఫొటో పెట్టాం.

7వ వారం – దూరం నుంచి స్టార్టు

బోరు దగ్గర మోటారు పైకి లాగుతున్న మనుషులు ఉన్నారు. ఇంటి దగ్గర ఎవరో ఫోను తీసి స్టార్టు నొక్కారు. మొత్తం ప్రాజెక్టులో ఇంతకన్నా పెద్ద ప్రమాదం లేదు. దీన్ని సాఫ్ట్‌వేర్‌తో ఆపడానికి సేఫ్టీ ఒప్పుకోలేదు.

లోకల్-రిమోట్ తిప్పుడు స్విచ్ కొస నేరుగా కాయిల్ దారిలో ఉంటుంది. లోకల్‌లో ఉంటే రిలేలు ఏం చేసినా కాయిలుకు కరెంటు చేరదు. లోకల్‌లో తాళం వేసే రంధ్రం ఉంది. స్టాప్ బటన్ కూడా బోర్డుతో పని లేకుండా నేరుగా ఆ తీగ దారిలోనే, నొక్కితే లోపలే ఉండిపోయి తిప్పితేనే బయటకు వచ్చే రకం. రిమోట్ స్టార్టుకు ముందు 20 సెకన్లు డబ్బా బజరు మోగుతుంది.

ఓవర్‌లోడ్ రిలే చేత్తోనే రీసెట్. ఇక్కడ వాడకం విభాగంతో మళ్లీ పేచీ: అర్ధరాత్రి పాములున్న గట్టు మీద నడిచి వెళ్లాలా? నీళ్లు అయిపోయి ఆగితే బోర్డు గంట ఆగి దానంతటదే చూడొచ్చు, మూడుసార్లు మించకుండా. ఓవర్‌లోడ్, ఎర్త్ లీకేజీ ట్రిప్పులకు మాత్రం మనిషి వెళ్లాల్సిందే. ఓవర్‌లోడ్ పడిన మోటారును ఇంట్లో కూర్చుని పదిసార్లు స్టార్టు కొడితే మిగిలేది కాలిన వైండింగే.

ఎర్త్ లీకేజీని పసిగట్టి కరెంటు తెంచే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లదైతే పాత తడి మోటార్లతో ఊరికే పడిపోతుంది, రెండో రోజే డైరెక్ట్ చేసేస్తారు. 100 మిల్లీఆంపియర్లది తీసుకున్నాం. ఎర్తు 500 ఓంల లోపు ఉంటే ముట్టుకునే వోల్టేజీ 50 దాటదు. ఎర్తు గుంతకు ఐఎస్ 3043 చెప్పిన 2.5 మీటర్ల జీఐ పైపే. న్యూట్రల్ లేని చోట నాలుగు పోళ్ల ఆర్‌సీసీబీ టెస్టు బటన్ పనిచేస్తుందో లేదో దాని లోపలి వైరింగును బట్టి ఉంటుంది. కొనేముందు డబ్బా మీది బొమ్మ చూడాలి.

ఫోను విషయానికొస్తే, ఆపడానికి మిస్డ్ కాల్ చాలు, స్టార్టుకు కాల్ ఎత్తాక 1 నొక్కాలి. నమోదైన ఐదు నంబర్లకే. కాలర్ నంబరును నకిలీ చేయవచ్చు కాబట్టి మిస్డ్ కాల్‌తో స్టార్టు ఇవ్వలేదు.

8వ వారం – మాటలు

మొదటి వాయిస్ కబుర్లు ఇంజినీర్లే రాశారు: ‘డ్రై రన్ లోపం సంభవించినది’. ఎవరూ అలా మాట్లాడరు. మార్చినవి: ‘బోరులో నీళ్లు అయిపోయినయి. గంట తర్వాత మళ్లీ చూస్తది.’ ‘ఒక ఫేజు లేదు. లైన్‌మన్‌కు చెప్పండి.’ ‘ఫేజులు తారుమారైనయి, మోటారు ఉల్టా తిరుగుతది.’ తెలంగాణ జిల్లాలకు ఇవి. కోస్తా, రాయలసీమలకు వేరే గొంతు: ‘అయిపోయాయి’, ‘చూస్తుంది’, ‘తిరగబడి తిరుగుతుంది’. తెలంగాణ కబుర్లలో ‘బంద్ అయింది’, మిగతాచోట్ల ‘ఆగిపోయింది’. ఒక్కో కబురు ఆరు సెకన్లు దాటకూడదు, మొదటి మాటలోనే మోటారు నడుస్తోందో లేదో తెలియాలి.

9వ వారం – గ్లాండు, బల్లి

డబ్బా ఐపీ65 పరీక్ష (దుమ్ము, నీటి చిమ్ము లోపలికి రాకుండా) గుండ్రటి కేబులుతో నెగ్గింది. బోరులోంచి వచ్చేది చదును కేబులు. గుండ్రటి గ్లాండులో (కేబులు దూరే చోట బిగించే బిరడాలో) చదును కేబులు పెడితే రెండు పక్కలా సందులు. మెకానిక్ గ్లాండు నట్టే తీసేసి కేబులు దూర్చి వదిలేస్తాడు. ఆ రంధ్రంలోంచి బల్లి వస్తుంది, కాంటాక్టరు రెండు ఫేజుల మధ్య పడుకుంటుంది, అంతే సంగతులు. చీమలూ కందిరీగలూ సరేసరి. మరమ్మతు విభాగం ముందే చెప్పిన మాటే ఇది. పరీక్ష రాసినవాళ్ల దగ్గర చదును కేబులు ముక్క లేదు. ఇప్పుడు గ్లాండులో చదును గాడి ఉన్న రబ్బరు, డబ్బాతోనే వస్తుంది. పరీక్ష కూడా చదును కేబులుతోనే.

మూత మరీ బిగుతైతే ఇంకో తంటా. 24 లీటర్ల డబ్బా పగలు కాగి, వానతో చల్లబడితే సుమారు 2 లీటర్ల గాలి లోపలికి లాగుతుంది, తడితో సహా. గాలిని పోనిచ్చి నీళ్లను ఆపే పొర ఉన్న ఎం12 వెంటు ఒకటి అడుగున పెట్టాం. పైన కాదు, అడుగున.

పెండింగ్

ఎండగొడుగు రేకు అంచు మెకానిక్ చేతికి కోసుకుంటోంది, మడత పెట్టాలి. మడతలో నీళ్లు నిలవకుండా రెండు రంధ్రాలు. మూత స్క్రూలు కింద పడితే మట్టిలో దొరకవు, జారిపోని రకం కావాలి. ఐదో గడిలో తయారీ-ఖర్చు ఇంకా సంతకం పెట్టలేదు. సిమ్ రీఛార్జి అయిపోతే కబురు రాదన్న సంగతి రైతుకు ఎవరు చెప్పాలన్న వరసకు యజమాని లేడు. ఆ గడి ఎర్ర పెన్సిలుతో ఉంది.